తప్పు వెలుగుదే

ఫిబ్రవరి 9

ఒరేయ్ మిణుగురూ,

ఇక్కడ నేను క్షేమం. నువ్వు పెట్టించిన కిటికీ నాకంటే క్షేమం. వీధిలో పోయేవాళ్ళు తలెత్తి చూసి మరీ పోతున్నారు. కింది వాటాలో టైలరమ్మ అయితే కొలతలివ్వడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ పైకి వేలు చూపించి, "ఆవిడ తమ్ముడు పెద్ద డిజైనరు. అక్క చదువుకోవాలని గోడంతా తీసేసి అద్దం పెట్టించాడు" అని ఒకటే చెప్పడం. నేను మెట్లు దిగితే చాలు, జనం నన్ను కాదు, నా అదృష్టాన్ని చూస్తున్నారు.

ఇదంతా ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్లో నువ్వు నా మాట పూర్తి కానివ్వవు. కాగితం మీదైతే చివరిదాకా చదవక చస్తావు.

అసలు సంగతికొస్తాను. పొద్దున్న పది దాటేసరికి ఎదురింటి రేకుల కప్పు మీద ఎండ పడి, అక్కణ్ణించి తిన్నగా నా బల్ల మీదికి వస్తోంది. కాగితం భగ్గున మండుతుంది. అక్షరాలు బూడిదైపోతాయి. ఒక గ్యాలీ ప్రూఫు చదివి తలెత్తితే కాసేపు గదిలో ఏమీ కనబడదు. పాత రెండు చిన్న కిటికీలు ఉన్నప్పుడు చీకటి చీకటి అని నీ దగ్గర సణిగాను, ఒప్పుకుంటాను. సణిగిన పాపానికి ఇంత శిక్ష వేస్తావనుకోలేదు.

మా ప్రెస్సు మేనేజరు పోయిన వారం నేను వదిలేసిన తప్పులు రెండు ఎర్ర సిరాతో చుట్టి పంపాడు. నాకు! నేను చుట్టిన సున్నాలు చూసి పని నేర్చుకున్నవాడు! పైగా "ఓసారి కళ్ళు చూపించుకోండి మేడం" అన్నాడు. ఒళ్ళు మండింది. అయినా కళ్ళాసుపత్రిలో పేరు రాయించుకున్నాను. వచ్చే నెల మొదటి గురువారం రమ్మన్నారు.

నాకు కావలసింది పెద్దదేం కాదు. మందపాటి కర్టెను ఒకటి. నువ్వేమో వెళ్తూ వెళ్తూ ఆ అద్దం మీద ఏమీ వేలాడదీయనని నా దగ్గర మాట తీసుకుపోయావు. మాట తప్పే అలవాటు లేదు కనక అడుగుతున్నాను. వేసుకోనా?

నీ డేగక్క

ఫిబ్రవరి 21

డేగక్కా,

నీ ఉత్తరం మా ఆఫీసులో అందరికీ చదివి వినిపించాను. "కాగితం భగ్గున మండుతుంది" అన్న చోట మా పెద్దాయన కూడా నవ్వాడు. చదువుకునే గదుల మీద మేమింత లావు పుస్తకాలు రాసి పెట్టాం, అందులో ఎక్కడా ఇంత బాగా చెప్పలేదన్నాడు.

ముందు ఆ కళ్ళాసుపత్రి మాట వదిలెయ్. నా ఉద్యోగంలో నేను రోజూ చూసేది ఇదే. ఏ లైబ్రరీకి వెళ్ళినా జనం కళ్ళు నులుముకుంటూ "చూపు తగ్గింది సార్" అంటారు. కుర్చీ అటు తిప్పి కూర్చోబెడితే ఆ చూపే పరిగెత్తుకుంటూ తిరిగొస్తుంది. కళ్ళది తప్పు కాదక్కా, తప్పు వెలుగుదే. నువ్వు వెళ్తే వాళ్ళు ఒక కొత్త అద్దాల జత అంటగడతారు, ఆ అద్దాల మీద వెలుగు మెరిసి ఇంకో బాధ మొదలవుతుంది. గది ఆ మూల పడ్డ సూదిని ఈ మూల నుంచి చూసి చెప్పేదానివి కాబట్టే కదా అమ్మ నీకు డేగ అని పేరు పెట్టింది. అవి పాడయ్యే కళ్ళు కావు. ఆ గురువారం వేరే ఎవరికైనా వదిలెయ్.

ఇప్పుడు నేను చెప్పినట్టు చెయ్యి. బల్ల కిటికీకి ఎదురుగా ఉందా? పక్కకి తిప్పు. వెలుగు నీ ఎడమ భుజం మీదుగా కాగితం మీద పడాలి. బల్ల మీది గాజు పలక తీసెయ్, అది రెండో సూర్యుడు. పగలే అయినా టేబుల్ లైటు వేసుకో. బయట మరీ వెలుగు, లోపల మరీ మసక అయితే కళ్ళు ఎటు సర్దుకోవాలో తెలియక అలిసిపోతాయి. నిగనిగలాడే ఆర్ట్ పేపరు మీద ప్రూఫులు పంపొద్దని మీ మేనేజరుకి చెప్పు. రాసేటప్పుడు నీ చేతి నీడ ఎటు పడుతోందో చూసి నాకు రాయి, మిగతాది నేను ఇక్కడ కూర్చుని లెక్క కడతాను.

కర్టెను మాత్రం ఇప్పుడే వద్దు. మా కంపెనీ వాళ్ళు వేసే పుస్తకంలో నీ గది ఫొటో అట్ట మీదికి వెళ్తోంది! వేసవి అయ్యాక ఫొటోలు తీసే ఆయన్ని పంపుతారు. ఇన్నేళ్ళలో నేను సొంతంగా చేసిన గది అదొక్కటేనక్కా. మిగతావన్నీ పెద్దాయన పేరు మీదే పోయాయి. అప్పటిదాకా ఓర్చుకో.

నీ మిణుగురు

మార్చి 30

ఒరే తమ్ముడూ,

బల్ల తిప్పాను. టైలరమ్మా నేనూ చెరో వైపు పట్టుకుని ఈడ్చాం. తిప్పినప్పట్నించీ దాని కుడి మూల రోజుకోసారి నా తుంటికి తగులుతోంది. ఉన్న చోట ఉండే బల్లకి ఎన్నిసార్లు గుద్దుకుంటావమ్మా అని టైలరమ్మ నవ్వుతుంది. ఆ మూలకి గుడ్డ చుట్టి పెట్టింది పాపం.

గాజు పలక తీసేశాను. టేబుల్ లైటు వేశాను. నీ మాట చెబితే మేనేజరు ఎగాదిగా చూసి మామూలు కాగితం మీదే ప్రూఫులు తీయించి పంపుతున్నాడు. మొదటి వారం హాయిగా అనిపించింది. నా తమ్ముడు ఎంత గొప్పవాడో అని గర్వపడ్డాను కూడా. తరవాత మళ్ళీ మామూలే. తెల్ల కాగితం తెల్లగా లేదు, పాలు విరిగినట్టు ఉంటోంది. నేనొక కిటుకు కనిపెట్టానులే. కుడికన్ను చేత్తో మూసుకుని చదువుతున్నాను. అప్పుడు అక్షరాలు బుద్ధిగా నిలబడతాయి.

ఇంకోటి. సాయంత్రం లైటు వేస్తే బల్బు చుట్టూ రంగుల చక్రం కనబడుతోంది. చూడ్డానికి బాగానే ఉంది కానీ అది వచ్చిన రోజు కనుబొమ పైన తల పగిలిపోతుంది. మీ శాస్త్రంలో దీనికేమంటారు?

ఆ గురువారం వెళ్ళలేదు. నిజం చెప్పనా, నీ ఉత్తరం చదవగానే ప్రాణం లేచొచ్చింది. ప్రూఫ్ రీడరుకి కళ్ళు పోయాయన్న మాట ఒకసారి బయటికి వచ్చిందంటే ఇక ఆ మనిషిని ఎవరూ పిలవరు. ఆసుపత్రి వరండాలో మా ప్రెస్సు వాళ్ళెవరైనా చూస్తే చాలు. తప్పు వెలుగుది అని నువ్వు రాసిన ముక్క నాకెంత ధైర్యమిచ్చిందో నీకు తెలియదు.

కర్టెను సంగతి మళ్ళీ అడుగుతున్నాను. ఫొటోల రోజు తీసేస్తాను కదా.

డేగక్క

ఏప్రిల్ 16

అక్కా,

రంగుల చక్రమా? బల్బు ఎన్నాళ్ళయింది తుడిచి? గాజు మీద సన్నటి దుమ్ము పేరుకుంటే వెలుగు చెదిరి అలాగే చక్రంలా కనిపిస్తుంది. తడిగుడ్డతో తుడువు, చల్లారాకే సుమా. తలనొప్పి కూడా ఆ చెదిరిన వెలుగు వల్లే. ఇది మాకు మొదటి సంవత్సరం పాఠం.

నువ్వు నేను అడిగింది చెప్పలేదు. చేతి నీడ ఎటు పడుతోంది? అది తెలియకుండా నేను ఇక్కణ్ణించి ఏం చెయ్యను? నువ్వు బల్ల సగం తిప్పి వదిలేశావని నా అనుమానం. నీకు నచ్చని పని నువ్వు సగమే చేస్తావు, చిన్నప్పట్నించీ అంతే. ఒంటికన్నుతో చదవడం మానెయ్, మెడ పట్టేస్తుంది.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకు. ప్రపంచంలో అందరి తప్పులూ దిద్దే మా అక్క ఉత్తరం ఈసారి చూడాలి! పేజీ కుడివైపు చివర మాటలన్నీ కాగితం దాటి బల్ల మీదికి వెళ్ళిపోయాయి. ఒక్కో లైను చివర ఏముందో నేను ఊహించుకుని చదివాను. ఆ మాటలన్నీ నీ బల్ల మీద పడి ఉంటాయి, ఊడ్చి కవరులో వేసి పంపు. మా ఆవిడ అయితే "వదిన మీ మీద కోపంతో గబగబా రాసేసింది" అంటోంది. కోపమా?

కర్టెను వద్దన్నాను కదా. ఆ అద్దం చుట్టూ ఒక్క మేకు పడినా సన్నటి చట్రం పాడవుతుంది. ఇంకో రెండు నెలలు.

మిణుగురు

జూన్ 12

తమ్ముడికి,

బల్బు తుడిచాను. చక్రం అలాగే ఉంది. నీ మొదటి సంవత్సరం పాఠం మీ పంతులుగారికి తిరిగిచ్చెయ్.

ఈ నెల మొదట్లో ఏమైందో రాయాలని రోజూ కూర్చుంటున్నాను, రాయబుద్ధి కావడం లేదు. నర్సులు జేబులో పెట్టుకునే చేతిపుస్తకం ఒకటి మా ప్రెస్సులో వేశారు. అందులో మందుల మోతాదుల పట్టిక ఉంటుంది. పేజీలో కుడివైపు చివరి గడి పిల్లలకి ఇవ్వాల్సిన మోతాదు. ఒక మందు దగ్గర ఆ గడిలో సున్నా ఒకటి ఎక్కువ పడింది. ప్రూఫు చూసింది నేను. "సరి చూడబడింది" అని సంతకం పెట్టింది నేను. అచ్చయి, బైండింగుకి వెళ్ళబోతుంటే పుస్తకం రాసిన డాక్టరమ్మ చూసింది కాబట్టి సరిపోయింది. అచ్చయిన ఆ ఫారాలన్నీ చించి పారేశారు.

మేనేజరు ఆ కాగితం నా ముందు పెట్టి, ఆ గడి పక్కన వేలు ఆనించాడు. తిట్టినా బాగుండేది. నేను చాలాసేపు చూశాను. ఒరేయ్, ఆ గడి నేను చదివి వదిలెయ్యలేదురా. అక్కడొక గడి ఉన్నట్టే నాకు తెలియలేదు. మా ఇంట్లో కిటికీ వెలుగు కుదరడం లేదు, మా తమ్ముడు సరిచేస్తున్నాడు అని చెప్పాను. నాకే నా మాట చిన్నపిల్ల సాకులా వినబడింది. "కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోండి మేడం" అన్నాడు. కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళని అడగలేదు. అడిగితే చెబుతాడేమోనని భయం వేసింది.

ఇంటికి వచ్చి నీ ఏప్రిల్ ఉత్తరం మళ్ళీ తీశాను. "ఆ మాటలన్నీ ఊడ్చి కవరులో వేసి పంపు" అని రాశావు. మీ ఆఫీసులో ఇది కూడా చదివి వినిపించావా? పెద్దాయన నవ్వాడా? ప్రెస్సులో అడిగే దిక్కు లేని సంతకం నాది, ఇంట్లో నా చేతిరాత నీకు వేళాకోళం.

ఆ సాయంత్రమే దుప్పటి నాలుగు మడతలు వేసి, సుత్తి తీసుకుని, నీ సన్నటి చట్రానికి మేకులు దిగ్గొట్టాను. అవును. ఏడు మేకులు. అడక్కముందే చెబుతున్నాను. ఇప్పుడు గది గుహలా ఉంది. పగలంతా ఆ చీకట్లోనే కూర్చుంటున్నాను. కళ్ళకి చల్లగా ఉంది. చదవడానికి ఎలాగూ ఏమీ లేదు.

అక్క

జూలై 4

అక్కకి,

నీ ఉత్తరం నాకు అందేసరికి నేను ఇంకో ఊళ్ళో పని మీద ఉన్నాను. ఫొటోల ఆయన మాత్రం అనుకున్న రోజుకి నీ దగ్గరికి వచ్చేశాడు. నువ్వు తలుపు సగం తీసి, "ఫొటో తీసుకోవడానికి ఇక్కడేమీ లేదు బాబూ, చీకటి తప్ప" అన్నావట. ఆయన ఆ సగం తలుపులోంచే చీకటిని ఫొటో తీసి తెచ్చి మా పెద్దాయన బల్ల మీద పెట్టాడు. పాత దుప్పటి, వంకర మేకులు, మూలకి గుడ్డ చుట్టిన బల్ల. అందరూ చూశారు.

పెద్దాయన ఏమన్నాడో తెలుసా? "సొంత అక్కే భరించలేని గదిని మనం ఎవరికి చూపిస్తామయ్యా?" అన్నాడు. అట్ట మీదికి ఇంకొకరి పని వెళ్ళిపోయింది. నా పేరు లోపల కూడా లేదు.

నీ ఉద్యోగం సంగతి చదివి బాధపడ్డాను, కాదనను. కానీ అక్కా, అది నా కిటికీ వల్ల కాదు. నేను చెప్పినవి ఒక్కటి పూర్తిగా చేశావా? నీడ ఎటు పడుతోందో చెప్పమని ఎన్నిసార్లు అడిగాను? ఆ గదిలో నేను కూర్చుని చదివాను, మా ఆవిడ చదివింది, ఎవరికీ ఏమీ కాలేదు. నీకొక్కదానికే ఎందుకు మండుతుంది? వయసు మీద పడుతోందని, చూపు మందగించిందని ఒప్పుకోవడానికి నీకు మనసు రావడం లేదు. అందుకని ఆ బరువంతా తెచ్చి నా అద్దం మీద పెడుతున్నావు. నీకు కావలసింది కర్టెను కాదు, సాకు.

రాయకూడదనుకున్నాను. రాసేశాను.

తమ్ముడు

జూలై 15

ఒరేయ్,

నా కళ్ళు డేగ కళ్ళు, ఆసుపత్రికి వెళ్ళొద్దు అన్నది నువ్వు. ముసలిదానివయ్యావు, చూపు మందగించింది అన్నదీ నువ్వే. మధ్యలో ఏమైంది? నా కళ్ళు మారాయా, నీ ఫొటో పోయిందా?

చేతి నీడ, చేతి నీడ అని చంపుతున్నావు కదా. చెబుతున్నాను విను. నాకు ఆ నీడ కనబడ్డం లేదు. ఎటు పడుతోందో చూడాలని రోజూ ప్రయత్నించాను. కనబడనిదాన్ని ఎటు పడుతోందని రాయను? తెలివితక్కువదానిలా ఉంటుందని రాయలేదు.

ఈ వారమే కళ్ళాసుపత్రికి వెళ్తున్నాను. నా కళ్ళు బాగున్నాయని పెద్ద డాక్టరు చేత కాగితం రాయించుకొచ్చి నీ మొహాన కొడతాను. ఇంకో నకలు మేనేజరు మొహాన. అప్పుడు నీ గోడ నువ్వు నాకు తిరిగి కట్టించి ఇద్దువుగాని.

అక్కనని రాయబుద్ధి కావడం లేదు.

ఆగస్టు 28

డేగక్కా,

నీ దగ్గర్నించి ఉలుకూ పలుకూ లేదు. ఫోను చేస్తే టైలరమ్మ ఎత్తి "పడుకున్నారండీ" అని పెట్టేసింది. పడుకున్నావో, పక్కనే నిలబడి చెయ్యి ఊపావో నాకు తెలుసులే. కాగితం ఇంకా నా మొహానికి తగల్లేదు. డాక్టరు సంతకానికి అంత ఆలస్యమా? లేక అందులో ఆయన చేసిన తప్పులు దిద్దుతూ కూర్చున్నావా?

సరే, నేను ఓడిపోయాను. నా ఉత్తరం నేను మళ్ళీ తలుచుకుంటే సిగ్గేసింది. మా ఆవిడ నాతో మూడు రోజులు మాట్లాడలేదు. "ఒక గుడ్డముక్క అడిగితే ఇన్నాళ్ళు ఇవ్వలేదు, మీరేం మనిషి?" అంది. ఫొటో పోతే పోయింది.

నీ అద్దానికి బ్లైండ్లు చేయిస్తున్నాను. మామూలువి కావు. సన్నటి చెక్క రెక్కలు, పక్కన తాడు లాగితే కావలసినంత వంగుతాయి. ఎండ లోపలికి రాదు, వెలుగు పైకప్పు మీద పడి మెత్తగా కిందికి దిగుతుంది. ఎదురింటి రేకుల ఎత్తు, నువ్వు కుర్చీలో కూర్చుంటే నీ కళ్ళ ఎత్తు, అన్నీ లెక్క వేసి గీశాను. నా జీవితంలో ఇంత శ్రద్ధగా ఏదీ చెయ్యలేదు. ఇవి పెట్టాక కూడా నీ కాగితం మండితే నేను ఈ ఉద్యోగం మానేస్తాను.

చెక్క పని ఆలస్యమవుతుంది. దీపావళి నాటికి అందుతాయి. ఈలోపు ఆ దుప్పటే ఉండనీ, హాయిగా చీకట్లో కూర్చో.

కోపం పోయిందని ఒక్క ముక్క రాయి.

నీ మిణుగురు

సెప్టెంబరు 19

తమ్ముడికి,

ఇది టైలరమ్మ రాస్తోంది, నేను చెబుతున్నాను. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను, మధ్యలో మర్యాదలు కలపొద్దన్నాను. నీ ఉత్తరం తనే చదివి వినిపించింది. "హాయిగా చీకట్లో కూర్చో" అన్న చోట ఆగిపోయింది. చదవమ్మా, ఫరవాలేదు అన్నాను.

నీకు ఆఖరి ఉత్తరం రాసిన రెండో రోజు తలనొప్పి మొదలైంది. వాంతులు. నీ మీద కోపం తలకెక్కింది అనుకున్నాను. మనిషి మీద కోపంతో వాంతులవుతాయని ఎక్కడైనా విన్నావా? నేను నమ్మాను. దుప్పటి వెనక చీకట్లో పడుకుంటే తగ్గుతుందని రోజుల తరబడి పడుకున్నాను. టైలరమ్మ బట్టలివ్వడానికి పైకి వచ్చి, నా కన్ను చూసి కేక పెట్టి ఆసుపత్రికి లాక్కుపోయింది.

నీటికాసులట. కంట్లో నీరు బయటికి పోయే దారి మూసుకుపోయి లోపల ఒత్తిడి పెరిగి నరాన్ని చంపేస్తుందట. నాకు ఇది కొత్తగా వచ్చింది కాదట, ఎప్పట్నించో కుడివైపు అంచు నుంచి తినుకుంటూ వచ్చిందట. డాక్టరు చిన్నమ్మాయి, నెమ్మదిగా మాట్లాడుతుంది. "వెలుగు గుచ్చుకోవడం, దీపం చుట్టూ రంగుల చక్రాలు, పక్కనున్న వస్తువులు తగలడం, ఇవేమైనా ఉన్నాయా అమ్మా?" అని అడిగింది. నేను నీకు రాసిన ఉత్తరాలు ఎవరో ఆవిడ చేతికిచ్చినట్టు ఒక్కొక్కటే అడిగింది. అన్నిటికీ ఉందన్నాను. "మరి ఇన్నాళ్ళూ ఏం చేశారు?" అంది. బల్ల తిప్పాం అన్నాను.

చీకటి గది సంగతి కూడా చెప్పాను. ఇలాంటి కళ్ళకి చీకట్లో కూర్చోవడం ఇంకా చెరుపట. కంటిపాప పెద్దదై ఆ దారి పూర్తిగా మూసేస్తుందట. కాబట్టి అంతా నీ ఒక్కడి నెత్తినే వెయ్యను. ఏడు మేకులు నేనే కొట్టాను.

కుడికన్ను పోయింది. ఎడమకంటికి కోత పెట్టారు. అది ఉందో లేదో అన్నట్టుంది. కిటికీ తెల్లగా కనిపిస్తుంది, మనుషులు నల్లగా కనిపిస్తారు, అంతే. మార్చిలో వచ్చి ఉంటే చదువుకునేంత చూపు నిలబెట్టేవాళ్ళమంది. మార్చిలో మొదటి గురువారం అని నేను చెప్పలేదు.

కాగితం రాసిచ్చారు. నీ మొహాన కొడతానన్నాను కదా. ఇందులో పెట్టాను. ఏం రాసుందో నువ్వే చదువుకో.

కింద సంతకం నాదే. పేజీ మీద పడిందో లేదో టైలరమ్మ చెప్పడం లేదు.

అక్క

అక్టోబరు 3

అక్కా,

టైలరమ్మగారూ, ఇది చదివి వినిపిస్తున్నందుకు మీకు దణ్ణం. మీరు చేసింది నేను చెయ్యాల్సింది.

అక్కా, ఈ ఉత్తరం చాలాసార్లు మొదలుపెట్టి చించేశాను. నా తప్పు నేను ఇంకొకళ్ళ నోటితో నీకు చెప్పించాల్సి వస్తోంది. నీ ఉత్తరాలన్నీ బల్ల మీద పరిచి వరసగా చదివాను. అన్నీ ఉన్నాయి. చక్రం ఉంది, బల్ల మూల ఉంది, గడి ఉంది, నీడ ఉంది. కాగితం దాటిపోయిన ఆ మాటలన్నీ ఉన్నాయి, నేను నవ్విన మాటలు. చదవడం వచ్చినవాణ్ణే. ప్రతి ఉత్తరంలో నాకు నా కిటికీ తప్ప ఇంకేమీ కనబడలేదు.

నువ్వు వెళ్ళబోతుంటే ఆపింది నేను. మేకులు నువ్వు కొట్టావని నన్ను తప్పించకు. నువ్వలా అంటుంటే తిట్టినదానికంటే ఎక్కువ కోసుకుపోతోంది.

సెలవు పెట్టాను. ఈ నెలాఖరుకి వస్తున్నాను. వచ్చి ఆ అద్దం పీకించేస్తాను. ఇటుక ఇటుకా పేర్చి నీ పాత గోడ నీకు కట్టిస్తాను. ఆ దిక్కుమాలిన బ్లైండ్లు అప్పటికే బయల్దేరిపోయాయి, ఎంత ఆపినా ఆగలేదు. వచ్చిన మనిషిని గుమ్మంలోంచే వెనక్కి పంపెయ్. వాటిని నేను చూడలేను.

నీ తమ్ముడు

అక్టోబరు 20

తమ్ముడికి,

టైలరమ్మే రాస్తోంది. ఏడవకుండా రాస్తానంటేనే కూర్చోబెట్టాను.

అద్దం పీకించొద్దు. గోడ కట్టించొద్దు. దుప్పటి ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే పీకి పారేయించాను. పొద్దున్న లేచి కుర్చీ కిటికీ ఎదురుగా వేసుకుని కూర్చుంటాను. ఎడమ భుజం మీదుగా కాదు, తిన్నగా ఎదురుగా. పది దాటాక రేకుల మీద ఎండ పడుతుంది. అప్పుడు నా ఎదుట ఇంత మేర తెల్లగా అవుతుంది. ఒకప్పుడు తిట్టుకున్న వెలుగే. ఇప్పుడు దాని కోసం కళ్ళలో వత్తులు వేసుకుని ఎదురుచూస్తాను. మబ్బు పట్టిన రోజు నాకు తెల్లవారదు.

మేనేజరు వచ్చి వెళ్ళాడు. చాలాసేపు కూర్చున్నాడు. నేను ఎర్ర సిరాతో దిద్దిన పాత గ్యాలీలు దాచుకున్నాడట, తెచ్చాడు. చూపిద్దామని తెచ్చి, ఇంటికి వచ్చాక గుర్తొచ్చినట్టుంది, సంచీలోంచి తియ్యలేదు. కాగితాల చప్పుడు నాకు తెలియదా?

నీ బ్లైండ్లు వచ్చాయి. బిగించే మనిషిని వెనక్కి పంపలేదు. నా కళ్ళ ఎత్తు లెక్క వేసి చేశావట కదా, పొల్లు పోలేదట, బిగిస్తూ అతను ఒకటే మెచ్చుకున్నాడు. తాడు నా చేతికిచ్చి, "ఎంత వెలుగు కావాలో మీరే లాక్కోండమ్మా" అన్నాడు. మొత్తం పైకి లాగి, మళ్ళీ కిందికి దిగకుండా ముడి వేసెయ్యమన్నాను. "వాడనప్పుడు ఎందుకమ్మా బిగించడం?" అన్నాడు. ఫిబ్రవరిలో అడిగాను నాయనా, ఇప్పుడొచ్చాయి, అడిగినదాన్ని పుచ్చుకోవాలి కదా అన్నాను. అతనికి అర్థం కాలేదు. టైలరమ్మ లోపలికి వెళ్ళిపోయింది.

చెక్క రంగు చాలా బాగుందిట.

క్షమించానా అని నువ్వు అడగలేదు, అడక్కపోవడమే మంచిదైంది. నాకింకా కోపంగానే ఉంది. డేగా మిణుగురూ అని ఇక రాయొద్దు. వస్తానన్నావు, రా. నీ మొహం నాకు కనబడదు, దాని గురించి నువ్వు భయపడక్కర్లేదు. వచ్చాక ఎక్కడ కావాలంటే అక్కడ కూర్చో. కిటికీకి అడ్డంగా మాత్రం నిలబడకు.

అక్క